ఎల్బీనగర్‌లో మా మేస్త్రీ మామతో

మా మేనమామ నలభై ఏళ్లు మేస్త్రీ పని చేశాడు. నల్లగొండలో ఆయన చేతి మీదుగా లేచిన ఇళ్లు చాలానే ఉన్నాయి. మోకాళ్లు పట్టేశాక తాపీ పక్కన పెట్టాడు గానీ ఆ చూపు మాత్రం పోలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మూలలు చూస్తాడు, తర్వాతే మంచినీళ్లు తాగుతాడు.

పోయిన నెల ఆయన మోకాళ్లు చూపించడానికి హైదరాబాద్‌లోని పంజాగుట్ట తీసుకెళ్లాను. పొద్దున్నే నల్లగొండ బస్టాండులో బస్సెక్కి, నార్కట్‌పల్లి దగ్గర హైవే అందుకుని, చిట్యాల, చౌటుప్పల్ దాటి, హయత్‌నగర్ వచ్చేసరికి ఎప్పటిలాగే బస్సు నెమ్మదించింది. నాకు పాత టెన్షన్ మొదలైంది. మెట్రో పనులు జరిగే రోజుల్లో అమ్మను ఇదే దారిలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట అంతా రోడ్డు మధ్యలో రేకులు కట్టి, రెండు వైపులా సన్నటి దారి వదిలారు. నల్లగొండ నుంచి ఎల్బీనగర్‌కి ఎంత సేపు పట్టిందో, అక్కడి నుంచి పంజాగుట్టకి దాదాపు అంతే పట్టింది. అమ్మ కిటికీకి తల ఆనించి, ఇంకెంత దూరం అని కూడా అడగడం మానేసింది. ఆ రోజు రేకుల వెనక లేస్తున్న స్తంభాలను చూసి తిట్టుకున్నాను. ఇప్పుడు అవే స్తంభాల మీద మామను తీసుకెళ్తున్నాను.

బస్సు మమ్మల్ని ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర దించింది. ఇక్కడ విజయవాడ హైవేని ఇన్నర్ రింగ్ రోడ్డు అడ్డంగా కోస్తుంది. నాగోల్ నుంచి వచ్చి సాగర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లే బళ్లు, హైవే బళ్లు, మధ్యలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు. చౌరస్తా దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు కొంచెం నడిస్తే మెట్రో స్టేషన్. ఆ కొంచెమే మామకు కష్టమైంది. బ్యాగు ఒక చేత్తో, ఆయన భుజం ఒక చేత్తో పట్టుకుని, ఆటోల మధ్య నుంచి నడిపించాను. నల్లగొండ, సూర్యాపేట బస్సులు దిగినవాళ్లు ఇంతమంది ఈ మెట్ల వైపే నడుస్తున్నప్పుడు, జిల్లా బస్సులు ఆగే చోటుకీ స్టేషన్ లిఫ్టుకీ మధ్య నీడ ఉన్న ఒక మంచి నడకదారి ఉండాలని గట్టిగా అనిపించింది. మా జిల్లా వాళ్లకు ఇది పట్నానికి గడప లాంటిది. గడప దగ్గరే కాలు తడబడకూడదు.

స్టేషన్ కిందికి రాగానే మామ ఆగిపోయాడు. లిఫ్టు అటుందని చూపిస్తే, "ఉండు అల్లుడా, జర చూడనీ" అని తల పైకెత్తాడు.

"రెండు దిక్కులా కాళ్లు లేవు. నడుమ ఒక్క వరుసనే. ఇంత బరువు దాని మీదనేనా?"

అవును, దాని మీదే. రోడ్డు మధ్య డివైడర్‌లో ఒకే వరుస స్తంభాలు. వాటి మీది నుంచి రెండు పక్కలకీ దూలాలు చేతులు చాచినట్టు వస్తాయి. టికెట్లు ఇచ్చే అంతస్తు, దాని పైన ప్లాట్‌ఫారాలు, పైకప్పు, అన్నీ ఆ చేతుల మీదే ఉంటాయి. రెండు పక్కలా స్తంభాలు వేస్తే కింద రోడ్డు ఇరుకైపోతుంది కాబట్టి ఇలా కట్టారు. మామ రెండు చేతులూ బారజాపి, మూపున కావడి మోస్తున్నట్టు నిలబడి చూపించాడు. "రెండు దిక్కుల బరువు సమానంగుంటే కావడి నిలుస్తది. ఒక దిక్కు రైలొచ్చి, ఇంకో దిక్కు రాకపోతే? అప్పుడు పునాది పట్టుకోవాలె. ఈడ కింద రాయి ఉంటది, పర్వాలేదు." నేను పుస్తకంలో చదివిన సంగతిని ఆయన చేతులతో చెప్పాడు.

ఆయనకు ఇంకో సందేహం వచ్చింది. మన ఇళ్లకు స్లాబు పోస్తే రోజుల తరబడి సెంట్రింగ్ విప్పరు. నడిరోడ్డు మీద ఇంత పొడవున సెంట్రింగ్ కట్టి ట్రాఫిక్ ఎలా ఆపారు? ఆపలేదు మామా అన్నాను. రైలు నడిచే దారిని లోపల బోలుగా ఉండే కాంక్రీటు ముక్కలుగా వేరే యార్డులో పోసి, పెద్ద ట్రైలర్ల మీద తెచ్చారు. రెండు స్తంభాల మధ్య ఇనుప గర్డరు నిలబెట్టి, దానికి ఒక్కో ముక్కనూ వేలాడదీసి, అంచులకు జిగురు పూసి, పక్కపక్కన చేర్చారు. తర్వాత లోపలి గొట్టాల గుండా ఉక్కు తీగలు దూర్చి జాకీలతో లాగి బిగించారు. పూసలన్నీ దారంతో బిగిస్తే గట్టి కర్రలా నిలబడతాయే, అలా. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అతుకు కనిపిస్తుంది చూడు, గీతల్లెక్క" అన్నాడు. నేను ఇన్నిసార్లు ఈ దారిన వెళ్లాను, ఆ గీతలు ఎప్పుడూ చూడలేదు.

ఈ మెట్రో కథ నల్లేరు మీద నడక కాదు. 2008లో ఒకసారి టెండరు ఖరారై, తర్వాతి ఏడాదే రద్దయింది. 2010 సెప్టెంబరులో నిర్మాణ సంస్థ ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరింది, 2012లో పనులు మొదలయ్యాయి. 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధాని మోదీ ప్రారంభించినప్పుడు మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా 30 కిలోమీటర్లే నడిచింది. మా వైపు వాళ్లకు అసలైన రోజు 2018 సెప్టెంబరు 24. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 16 కిలోమీటర్లు ఆ రోజు తెరుచుకున్నాయి. దాంతో మియాపూర్ నుంచి ఇక్కడిదాకా ఎర్ర లైను 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లతో పూర్తయింది. ఇప్పుడున్న మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్లు. అంతా పైనే, సొరంగం ఎక్కడా లేదు.

లిఫ్టులో మొదటి అంతస్తుకి వెళ్లాం. టికెట్ కౌంటర్లు, బ్యాగుల తనిఖీ, గేట్లు ఇక్కడే. ఫోన్‌లోని క్యూఆర్ చూపిస్తే గేటు తెరుచుకుంది. మామ మాత్రం గేటు కంటే నేల ఎక్కువ చూశాడు. రాయి వాలు ఎటుంది, నీళ్లు ఎటు పోతాయి అని. మళ్లీ లిఫ్టెక్కి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాం. మధ్యలో రెండు పట్టాల దారులు, రెండు అంచులా రెండు ప్లాట్‌ఫారాలు.

"పట్టాలు మన నల్లగొండ స్టేషన్ల పట్టాలకన్న దగ్గరగున్నయి" అన్నాడు. నిజమే. మన రైల్వే బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, ఈ మెట్రో స్టాండర్డ్ గేజ్ 1,435. ఒక జానెడు తేడా. దాన్ని కంటితో పట్టేశాడు.

చివరి స్టేషన్‌లో చూడాల్సింది రైలు తిరిగే తీరు. బస్సులాగా చుట్టూ తిరగదు. మూడు పెట్టెల రైలుకి రెండు కొసలా డ్రైవర్ క్యాబిన్లు ఉంటాయి. వచ్చిన కొస వెనకైపోతుంది, వెనక కొస ముందవుతుంది. పట్టాలు మార్చే అడ్డదారి మీదుగా ఎటు పోవాలో అటు సర్దుకుంటుంది. డిపో ఇక్కడ లేదు, అది లైనుకి అవతలి కొసన మియాపూర్‌లో ఉంది. ఎల్బీనగర్‌ది మలుపు తిప్పే పని.

రైల్లో మామకు సీటు దొరికింది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్. కింద జనం, బళ్లు, బోర్డులు, మేము వాటి నెత్తి మీద. అమ్మ కిటికీకి తల ఆనించిన చోటు ఎక్కడో ఇక్కడే అయి ఉంటుంది, అంత త్వరగా దాటిపోయింది. ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర మూసీ కనిపించింది. ఈ నీళ్లే మా జిల్లాకు వస్తాయి, కేతేపల్లి దగ్గర ప్రాజెక్టులో ఆగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. మామ నదిని చూసి ముఖం తిప్పుకున్నాడు. వాళ్ల ఊరు మూసీ ఆయకట్టులోనే ఉంది. చిన్నప్పుడు ఆ నీళ్లలో ఈత కొట్టిన మనిషి.

సుమారు అరగంటలో పంజాగుట్ట చేరాం. డాక్టరు మందులు రాసి, మెట్లు ఎక్కొద్దన్నారు. భోజనం చేశాక టైమ్ మిగిలింది. తిరిగి వెళ్దామంటే మామ, "ఇంకో కొస కూడ చూసొద్దాం" అన్నాడు. అమీర్‌పేటలో ఎర్ర లైనూ నీలం లైనూ ఒకదాని మీద ఒకటి దాటడం కిటికీలోంచి మెడ తిప్పి చూశాడు. మియాపూర్ ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ మీద కూర్చుని రైళ్లు వచ్చి పోవడం చూశాం. అక్కడి నుంచి ఎల్బీనగర్‌కి 52 నిమిషాల ప్రయాణం. ఆ 52 నిమిషాల్లో ఆయన ఒక్కసారే మాట్లాడాడు. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే స్తంభం నీడ సంగతి. "ఆ నీడ ఏ స్తంభానిదో ఎవ్వరికీ తెల్వకుండ కట్టిన్రు. ఇక్కడ స్తంభాలన్నీ కనబడుతున్నయ్, కట్టినోడే కనబడతలేడు."

సాయంత్రం ఎల్బీనగర్‌లో నల్లగొండ బస్సు దొరికింది. రెండో దశలో ఈ లైనుని హయత్‌నగర్ దాకా సుమారు 7 కిలోమీటర్లు, 6 స్టేషన్లతో పొడిగించే ప్రతిపాదన ఉంది, నాగోల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా ఎయిర్‌పోర్టుకి ఇంకో లైను కూడా అని మామకు చెప్పాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. కిటికీ పక్కన కూర్చుని వనస్థలిపురం పొడవునా రోడ్డు మధ్య డివైడర్‌నే చూస్తూ వచ్చాడు. హయత్‌నగర్ దాటుతుండగా నా మోచేతిని తట్టి, "సరిపోతది అల్లుడా, జాగ సరిపోతది" అన్నాడు.