సైనిక్‌పురిలో అద్దె ఇల్లు

మొత్తానికి హైదరాబాద్‌లోనే సైనిక్‌పురికి మారాం. ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాళ్ల కోసం వేసిన కాలనీ కదా, ప్లాట్లు పెద్దవి, చెట్లు ఇంకా పెద్దవి. వేప, మామిడి, కానుగ నీడలో ఏప్రిల్ మధ్యాహ్నం కూడా వరండాలో కూర్చోవచ్చు.

ఇల్లు దొరకడమే పెద్ద టెన్షన్. యాప్‌లో ఫోన్ చేస్తే అందరూ బ్రోకర్లే, నెల అద్దె కమీషనట! చివరికి గేటుకి వేలాడుతున్న టూలెట్ బోర్డే దారి చూపింది. ఓనర్ ఆంటీ మా కులం అడగలేదు, నాన్‌వెజ్ వండుతారా అనీ అడగలేదు. "మొక్కలకి రోజూ నీళ్లు పోస్తావా అమ్మా?" అన్నారు, అంతే. అడ్వాన్స్ రెండు నెలలు, అగ్రిమెంట్ మామూలే, 11 నెలలు.

దోమలున్నాయి. హైటెక్ సిటీలో ఆఫీసు ఊరికి ఆ చివర. అయినా ఖాళీ చేయమనేదాకా కదిలేది లేదని మా ఆయనకి చెప్పేశా.