మధుపర్కం తెల్లగా కనబడుతోందా లేదా: పెళ్లి ఫొటోగ్రాఫర్ వెబ్‌సైట్ గురించి

ఇన్‌స్టా పేజీ ఉందిగా, మళ్లీ వెబ్‌సైట్ ఎందుకన్నా అని ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అడుగుతుంటారు. ఇన్‌స్టా వద్దని నేననను. నాకూ ఉంది, రీల్స్ పెడతాను, ఎంక్వైరీలూ వస్తాయి. కాకపోతే మా రాజమండ్రిలో పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడేటప్పుడు ఇన్‌స్టా చూసేది ఒకరు, డబ్బులిచ్చేది ఇంకొకరు. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అమ్మాయి హైదరాబాద్‌లో, ఇద్దరూ రాత్రిపూట రీల్స్ చూసుకుని మన పేజీ ఒకళ్లకొకళ్లు పంపుకుంటారు. అక్కడి నుంచి విషయం అమ్మాయి వాళ్ల నాన్నగారి దగ్గరికి వస్తుంది. ఆయనకి ఇన్‌స్టా ఉండదు, లింక్ నొక్కితే నాలుగు ఫొటోలు చూడగానే లాగిన్ అవమంటుంది, ఆయనకి విసుగొచ్చి "బాబూ, నువ్వు తీసినవి ఓ పది వాట్సాప్‌లో పెట్టెయ్" అంటారు. ఆ పదింటినీ వాట్సాప్ బాగా కుదించి పంపుతుంది. మనం లక్షలు పోసి కొన్న కెమెరాతో తీసింది కూడా ఆయన చేతిలో బావమరిది ఫోన్‌తో తీసినట్టే కనబడుతుంది. వీళ్లందరి పైన ఒక బాబాయిగారు ఉంటారు, ప్రతి ఇంట్లోనూ ఉంటారు, బేరమంతా ఆయన చేతిలోనే. ఆయన అడిగేది ఒక్కటే: "మావాడి పెళ్లికి తీసినాయన ఇందులో సగానికే తీశాడయ్యా, నీ దగ్గర స్పెషల్ ఏంటి?"

దానికి నోటితో ఎంత చెప్పినా లాభం లేదు. చూపించాలి. నా లెక్కలో వెబ్‌సైట్ ఉన్నది ఆ బాబాయిగారి కోసం, ఆ నాన్నగారి కోసం, వాళ్ల వెనక కుర్చీలో కూర్చుని ఫోన్‌లోకి తొంగిచూసే అమ్మగారి కోసం. పెళ్లికొడుకు ఎలాగూ రీల్ చూసి పడిపోయే ఉంటాడు.

మనవాళ్ల వెబ్‌సైట్లు చూస్తే దాదాపు అన్నిట్లోనూ ఇరవై పెళ్లిళ్లలోంచి ఏరిన ఇరవై బ్రహ్మాండమైన ఫొటోలుంటాయి. ఆర్చ్ బ్రిడ్జి వెనకాల సూర్యాస్తమయం ఒకటి, కడియం నర్సరీలో పూల మధ్య ఒకటి, మారేడుమిల్లిలో పొగమంచు ఒకటి. ఇవి మా చుట్టుపక్కల ప్రతి ఫొటోగ్రాఫర్ దగ్గరా ఉంటాయి, మొహాలే తేడా. నెలల తరబడి తీస్తూ ఉంటే ఎవరికైనా ఇరవై మంచి ఫొటోలు పడతాయి. అవి చూసినవాళ్లకి "వీడు మా పెళ్లి ఎలా తీస్తాడు" అన్నది మాత్రం తెలియదు. అందుకని నేను చెప్పేది ఒకటే: ఒక పెళ్లి మొత్తం పెట్టండి. పెళ్లికూతుర్ని చేసిన దగ్గర నుంచి అప్పగింతల దాకా, ఎనభై తొంభై ఫొటోలు, జరిగింది జరిగిన వరసలో. అందులో అన్నీ గొప్ప ఫొటోలు కాకపోయినా పరవాలేదు, పొద్దున్నించి తెల్లారేదాకా ఎక్కడా చెయ్యి జారలేదని కనబడితే చాలు. అలాంటివి రెండు పెళ్లిళ్లుంటే సరిపోతుంది, ఒకటి పగటి ముహూర్తం, ఒకటి రాత్రిది.

రాత్రిది ఎందుకంటే అసలు పరీక్ష అక్కడే. తెల్లవారుజామున రెండూ ముప్పావుకి ముహూర్తం అనుకోండి. అప్పటికి హాల్లో సగం మంది కుర్చీల్లోనే కునుకు తీస్తుంటారు, స్టేజీ డెకరేషన్ వాళ్లు గులాబీ, నీలం ఎల్ఈడీలు వెలిగించి వెళ్లిపోయి ఉంటారు, పైన ట్యూబులైట్లు, ఎదురుగా వీడియో లైటు. ఒకే ఫ్రేములో మూడు రకాల వెలుతురు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి మధ్యా అడ్డుతెర ఉంటుంది కాబట్టి ఎదురుగా నిలబడితే ఒక మొహమే దొరుకుతుంది. తెర అంచు పక్కన నిలబడితేనే రెండు మొహాలూ, తలల మీది రెండు చేతులూ, వేళ్ల మధ్య తమలపాకూ అన్నీ పడతాయి. అక్కడ ఒక్క మనిషికే చోటు, ఆ చోటు గురించి వీడియో అతనితో సాయంత్రమే మాట్లాడుకోవాలి. భజంత్రీలు ఒక్కసారిగా జోరందుకుంటాయి, వెనకనుంచి అక్షింతలు మన లెన్సు మీద కూడా పడతాయి, తెర దించుతారు, అమ్మాయి కళ్లెత్తుతుంది. ఉన్నది రెండు మూడు సెకన్లు. ఈ మూడు ఫొటోలూ, అంటే తెర ఉండగా, తెర దిగుతుండగా, దిగాక, పక్కపక్కన పెట్టి చూపించండి. పది డ్రోన్ షాట్లు చెప్పలేనిది ఈ మూడూ చెప్తాయి.

ఇంకోటి, అమ్మగార్లు మధుపర్కాలు చూస్తారు. తెల్ల చీర, ఎర్ర అంచు. మనవాళ్ల ఫొటోల్లో సగం వాటిలో ఆ చీర లేత గులాబీ రంగులోనో, నీలంగానో ఉంటుంది, స్టేజీ లైట్ల పుణ్యం. వైట్ బ్యాలెన్స్, అంటే ఏ లైటు కింద తీసినా తెలుపు తెల్లగానే కనబడేలా సరిచేసుకోవడం, ఆ మాట వాళ్లకి తెలియక్కర్లేదు, "ఇదేంటి, చీర రంగు మారిపోయింది" అని ఇట్టే పట్టేస్తారు. ఎడిటింగ్‌లో చీర తెల్లగా తెద్దామని లాగితే మొహం మీది పసుపు పాలిపోయి బూడిదరంగుకి తిరుగుతుంది. ఆ రెండూ సరిగ్గా ఉన్న ఒక ఫొటో, బుగ్గచుక్క, బాసికం కనబడేంత దగ్గరగా తీసింది, హోమ్ పేజీలో మొట్టమొదట పెట్టండి. నాకు ఆ ఫొటో తెచ్చిపెట్టినంత పని ఏ ప్రీ-వెడ్డింగ్ షూటూ తెచ్చిపెట్టలేదు.

సరే, ఒక పెళ్లి మొత్తం పెట్టాలంటే ఆ ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నా కెమెరా, నా క్లిక్కు, కాబట్టి ఫొటో నాదే అనుకుంటాం. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం, 17వ సెక్షన్ చూడండి: డబ్బు తీసుకుని, ఒకరు తీయమంటే తీసిన ఫొటోకి మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవాళ్లే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే. ఆ చివరి ముక్కే మనకు ముఖ్యం. నోటిమాట మీద అడ్వాన్సు పుచ్చుకుని పెళ్లి తీసేసి, ఆ ఫొటోలు వెబ్‌సైట్లో పెట్టేస్తే రేపు వాళ్లు కాదంటే మన దగ్గర చూపించడానికి ఏ కాగితమూ ఉండదు. అందుకని అడ్వాన్సు రసీదు మీదే తెలుగులో రెండు లైన్లు రాసి సంతకం పెట్టించుకోండి. నా రసీదు మీద "ఈ పెళ్లి ఫొటోల్లో మేము చూసి సరేనన్నవి మాత్రమే వెబ్‌సైట్‌లో, ఇన్‌స్టాలో పెట్టుకోవచ్చు" అని ఉంటుంది, పక్కన అవును, కాదు అని రెండు గళ్లు. చాలామంది అవునే అంటారు, ఎందుకంటే "మేము చూసి సరేనన్నవి" అన్న మాట అక్కడ ఉంది. ఆల్బమ్ ఇచ్చాక పేజీ తయారుచేసి, ఎవరికీ కనబడకుండా లింక్ మాత్రం వాళ్లకి పంపుతాను, వద్దన్నవి తీసేస్తాను, అప్పుడు పబ్లిక్ చేస్తాను.

కొన్ని నేను అడగను కూడా అడగను. మంగళస్నానం ఫొటోలు పెట్టను. చిన్నపిల్లల మొహాలు దగ్గరగా ఉన్నవి పెట్టను. అప్పగింతల్లో వాళ్ల నాన్నగారు వెక్కి వెక్కి ఏడుస్తున్న ఫొటో ఎంత బాగా వచ్చినా ఆయన్ని విడిగా అడగందే పెట్టను, ఆయనకది ఊళ్లో తలెత్తుకునే విషయం కాదనిపించవచ్చు. అలాగే పెళ్లి నిలబడని సందర్భాలుంటాయి. రెండేళ్లకో మూడేళ్లకో ఒక మెసేజ్ వస్తుంది, "అన్నా, మా పేజీ తీసేయండి" అని. ఎందుకు అని అడక్కూడదు. ఆ పూటే తీసేయాలి, ఇన్‌స్టాలో, గూగుల్ ప్రొఫైల్లో (గూగుల్‌లో మన స్టూడియో వివరాలు కనబడే పేజీ) ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి మరీ తీయాలి. ఏ పెళ్లి ఫొటో ఎక్కడెక్కడ పెట్టామో ఒక షీట్‌లో రాసుకుంటే అప్పుడు వెతుకులాట ఉండదు.

వేరే స్టూడియో కింద సెకండ్ కెమెరాగా వెళ్లి తీసినవాటి సంగతి కూడా ఇంతే, ఆ స్టూడియో ఆయన్ని అడిగి, "ఫలానావాళ్ల టీమ్‌లో తీసింది" అని కింద రాసి పెట్టండి. మొత్తం పెళ్లి నేనే తీశానన్నట్టు పెట్టుకుని పట్టుబడినవాళ్లని చూశాను. ఇప్పుడు డాలస్ అబ్బాయి ఫొటో పెట్టి వెతికే గూగుల్ లెన్స్‌లో ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు.

టెక్నికల్ సంగతులు ఎక్కువ చెప్పను, కానీ ఈ కాసిన్ని ముఖ్యం. కెమెరాలోంచి వచ్చిన పదిహేను ఎంబీ ఫైల్ తీసుకెళ్లి అలాగే ఎక్కించకండి, పెళ్లిళ్ల సీజన్‌లో పల్లెటూళ్లో సిగ్నల్ లేనిచోట ఆ పేజీ తిరుగుతూనే ఉంటుంది. పొడుగు వైపు 2048 పిక్సెల్స్, రంగుల సెట్టింగ్ ఎస్ఆర్‌జీబీ, ఒక్కోటి నాలుగైదు వందల కేబీ దాటకుండా చూసుకుంటే ఫోన్‌లో చక్కగా కనబడుతుంది. ఫైల్ పేరు కెమెరా ఇచ్చిన నంబర్లే ఉంచకుండా "అన్నవరం పెళ్లి జీలకర్ర బెల్లం" లాంటిది పెట్టండి, ఫొటో కింద ఊరి పేరు, ఘట్టం పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. అన్నవరం కొండ మీద పెళ్లి పెట్టుకున్నవాళ్లు "అన్నవరం వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్" అని వెతుకుతారు, మన స్టూడియో పేరు కొట్టి కాదు. ఆ తెలుగు కూడా యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే పద్ధతిలో ఉండాలి సుమా. ఆల్బమ్ కవర్ మీద పేర్లు కొట్టే డీటీపీ అబ్బాయి అచ్చుపని కోసం వాడే అను ఫాంట్లలో కొట్టి ఇస్తాడు, దాన్ని కాపీ చేసి వెబ్‌సైట్లో వేస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని మీరే కొట్టుకోవడం నయం.

లింక్ వాట్సాప్‌లో పంపినప్పుడు పైన చిన్న ఫొటో ఒకటి వస్తుంది చూశారా, అదేం రావాలో మనమే పెట్టుకోవచ్చు. చాలామంది దాన్ని వదిలేస్తారు, దాంతో లోగో ముక్కో, ఖాళీ గడో వస్తుంది. నాన్నగారు లింక్ తెరిచేదీ లేనిదీ తేలేది ఆ ఫొటో దగ్గరే. 1200 బై 630 పిక్సెల్స్ సైజులో ఆ తెల్ల మధుపర్కం ఫొటో కత్తిరించి అక్కడ పెట్టండి.

డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రస్, మీ పేరున కొనుక్కోండి, డాట్ ఇన్ అయితే మామూలుగా ఏడాదికి వెయ్యి లోపే. ఫ్రీగా వచ్చేదాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో ఒకసారి చూశాం: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లన్నిటినీ 2024 మార్చిలో గూగుల్ మూసేసింది. విజిటింగ్ కార్డుల మీద, ఫ్లెక్సీల మీద అదే అడ్రస్ వేయించుకున్నవాళ్ల పని ఏమైందో ఊహించుకోండి. ప్రొఫైల్ మాత్రం ఉంచండి, మ్యాప్‌లో కనబడటానికి, రివ్యూలకి అదే దిక్కు. ఇన్‌స్టా అయినా మన చేతిలో ఉన్నది కాదు, 2025 జనవరిలో గ్రిడ్‌ని, అంటే మన పేజీలో ఫొటోలు వరసగా కనబడే గళ్లని, చదరం నుంచి నిలువుకి మార్చేసరికి తొమ్మిది గళ్లలో ఒకే పెద్ద ఫొటో పేర్చుకున్నవాళ్లందరికీ అది చెదిరిపోయింది.

రేటు రాయాలా వద్దా అని మా వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ గొడవే. రాస్తే పక్కవాడు వెయ్యి తగ్గించి కొట్టేస్తాడని సీనియర్లు అంటారు. నేను రాస్తాను. "ఒక రోజు పెళ్లి, ఇద్దరు మనుషులు, ఆల్బమ్‌తో కలిపి ఇంత నుంచి" అని ఒక్క లైను. ఆ డబ్బు పెట్టలేనివాళ్లు ఫోన్ చేయరు, వాళ్ల టైమూ నా టైమూ మిగిలింది. పెట్టగలిగినవాళ్లు బేరం అక్కడి నుంచి మొదలుపెడతారు, సున్నా నుంచి కాదు. బాబాయిగారు ఎలాగూ తగ్గించమంటారు, అది ఆయన హక్కు, దానికి తగ్గట్టే మనం లైను రాసుకోవాలి.

ఇక కాంటాక్ట్ పేజీలో పేరు, ఈమెయిల్, సబ్జెక్ట్ అంటూ పెద్ద ఫారం పెట్టకండి, మనవాళ్లెవరూ నింపరు. ఒక వాట్సాప్ బటన్ చాలు. దానికి ముందే మెసేజ్ రాసి ఉంచుకోవచ్చు, నొక్కగానే "మా పెళ్లి తేదీ: , ఊరు: , ముహూర్తం పగలా రాత్రా: " అని వాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటుంది, ఖాళీలు పూరించి పంపడమే. మూఢంలో, ఆషాఢంలో ఖాళీగా ఉన్నప్పుడు ఇవన్నీ చేసుకుంటే మాఘమాసం వచ్చేసరికి పని తేలికవుతుంది. పెళ్లి తీస్తున్న రోజు నేను ఫోన్ ఎత్తను, మర్నాడు మధ్యాహ్నం నిద్ర లేచాకే తిరిగి చేస్తాను, ఆ సంగతి కూడా ఆ బటన్ కిందే రాసి పెట్టాను.