థర్మల్‌లో నా మొహం

"అన్నా, చీకట్లో కిలోమీటరు దూరం కొడుతుంది" అంటూ కోఠి గుజరాతీ గల్లీలో షాపు కుర్రాడు థర్మల్ మోనోక్యులర్ (వేడిని బట్టి చీకట్లో బొమ్మ చూపే ఒంటికంటి దుర్భిణి) చేతిలో పెట్టాడు. అద్దం తలుపులోంచి రోడ్డు వైపు తిప్పాను. ఆటోల్లేవు, జనం లేరు. తెల్లగా మెరుస్తూ నా మొహమే!

మామూలు గాజులోంచి థర్మల్‌కి అవతలివైపు కనపడదట, మన వేడే తిరిగొచ్చి కనిపిస్తుందట. కుర్రాడికీ ఆ సంగతి ఇవాళే తెలిసినట్టుంది.

సెన్సర్ ఎంత అని అడిగితే 256×192 పిక్సెళ్లు అన్నాడు. అంత తక్కువ పిక్సెళ్లతో ఆ కిలోమీటరు అంటే, ఏదో వేడి చుక్క ఉందని తెలిసే దూరం. అది పందో, కుక్కో, పక్క చేను మామో తెలియాలంటే బాగా దగ్గరికి రావాల్సిందే.

టెక్సాస్‌లో బావ ఇలాంటిదే తుపాకీకి బిగించి అడవిపందుల్ని వేటాడతాడు. అక్కడ చెల్లుతుంది. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, వేట ఊసే వద్దు. నాకు మక్కచేను కాపలాకి చాలు.

డిజిటల్ నైట్ విజన్ చవకే. కానీ అది చూడాలంటే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైటు వెయ్యాలి. ఆ లైటు 850 నానోమీటర్లదైతే చీకట్లో ఎర్రగా మిణుకుమంటుంది, 940 అయితే అది కనపడదు గానీ చూపు దూరం తగ్గుతుంది. మళ్లీ అదో టెన్షన్.

బయటికొచ్చి చాయ్ తాగి, నాన్న టార్చికి సెల్లులు కొన్నాను. నాలుగు.