నాష్‌విల్‌లో డాన్సు బ్యాండ్ల పోస్టర్ల వేట

అమెరికాలో అట్లాంటా నుంచి నాష్‌విల్‌కు కారులో సుమారు నాలుగు గంటల దారి. మధ్యలో టైమ్ జోన్ మారి గడియారం గంట వెనక్కి వెళ్తుంది కనుక, తెల్లవారుజామునే బయలుదేరిన నేనూ మా ఆవిడా తొమ్మిదిన్నరకల్లా ఊళ్ళో ఉన్నాము. మేము చూడవచ్చింది హ్యాచ్ షో ప్రింట్ అనే ముద్రణాలయం. 1879లో ఇద్దరు అన్నదమ్ములు స్థాపించిన ఈ ప్రెస్సులో నేటికీ చెక్క అక్షరాలను చేత్తో పేర్చి పోస్టర్లు వేస్తున్నారు. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్, జాజ్ బ్యాండ్ల నాయకులు డ్యూక్ ఎల్లింగ్టన్, క్యాబ్ కాలొవేల కచేరీలకు ఇక్కడే పోస్టర్లు అచ్చయ్యాయి.

బొమ్మ చెక్కిన పాత అచ్చు దిమ్మెలతో ఈనాటికీ ప్రతులు తీసి అమ్ముతారు. అందులో మోసం ఏమీ లేదు, కొత్త ప్రతి అనే చెప్పి అమ్ముతారు. కానీ చేతులు మారిన కొద్దీ ఆ మాట మరుగున పడుతుంది. దిమ్మె ఒక్కటే కాబట్టి బొమ్మను చూసి పాతదో కొత్తదో తేల్చలేము, పోస్టరు అచ్చువేసిన అట్టను చూసి తేల్చాలి. పాతకాలపు చవక అట్టలో ఆమ్లం ఉండడంవల్ల అంచులు గోధుమ రంగుకు తిరిగి, పెళుసెక్కి ఉంటాయి.

మధ్యాహ్నం ఊరి శివార్లలోని ఒక పాతసామాన్ల దుకాణంలో నేను కోరుకున్న రకం పాత పోస్టరు దొరికింది. పద్నాలుగు అంగుళాల వెడల్పు, ఇరవై రెండు అంగుళాల ఎత్తు ఉండి, దుకాణాల అద్దాల్లో నిలబెట్టే ఇలాంటి అట్టలను విండో కార్డులంటారు. బ్యాండు పేరూ ఫొటో ముందుగానే అచ్చు వేయించి, పైభాగం ఖాళీగా ఉంచి, ఏ ఊళ్ళో ఆట ఉంటే ఆ ఊరి పేరూ హాలూ తేదీ తరువాత వేయించేవారు. పేరున్న బ్యాండు పోస్టరు కంటే, ఎవరికీ తెలియని బ్యాండుదైనా పైన ఊరి పేరున్న కార్డే నాకు ఎక్కువ విలువైనది, ఎందుకంటే ఆ రాత్రి అక్కడ నాట్యం జరగనున్నదనడానికి చాలాసార్లు అదొక్కటే సాక్ష్యం.

ఈ కార్డు మీద ‘శుక్రవారం, జూలై 4’ అని ఉంది. మన సినిమా వాల్‌పోస్టరు మీది ‘నేడే విడుదల’ లాగే సంవత్సరం లేదు. పంచాంగం లెక్కన అది 1919, 1924, 1930లలో ఏదైనా కావచ్చు. దుకాణదారు మాత్రం 1919 అని చీటీ అంటించి, ఆ పాతదనానికి తగ్గట్టు ఎక్కువ ధరే వేశాడు. అయితే బ్యాండు పేరు కింద ‘రేడియో కళాకారులు’ అని ఉంది. అమెరికాలో క్రమబద్ధమైన రేడియో ప్రసారాలు మొదలైంది 1920 చివర్లో, కనుక 1919 కుదరదు. ఫొటోలో బాంజో అనే తీగల వాద్యం, ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా కనిపిస్తున్నాయి. 1930 నాటికి చాలా బ్యాండ్లలో వాటి స్థానాన్ని గిటారూ, నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు లాంటి తీగల బాసూ ఆక్రమిస్తున్నాయి కాబట్టి నేను 1924 వైపే మొగ్గాను, కానీ చిన్న ఊళ్ళ బ్యాండ్లు పాత వాద్యాలను అంత త్వరగా వదలలేదు. రేడియో మాట చూపించాక ఆయన చీటీ పీకేసి, మారు మాట్లాడకుండా ధర తగ్గించాడు.