ఎటూ తేల్చుకోని ఎంపీ ముందు పంట తుపాకి మాట

2019 నవంబరు 29న లోక్‌సభలో ఆయుధాల చట్ట సవరణ బిల్లు ప్రవేశపెట్టినప్పుడు, లైసెన్సు ఉన్న వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి ఒకటికి తగ్గించాలన్నది అందులోని ముఖ్యమైన ప్రతిపాదన. తాతల నాడు కొన్నది వారసత్వంగా చేతికి వచ్చినా అది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. లైసెన్సుదారులు, షూటింగ్ క్రీడతో సంబంధం ఉన్నవారు, కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. డిసెంబరు 9న లోక్‌సభ, ఆ మరునాడు రాజ్యసభ ఆమోదించేసరికి ఆ సంఖ్య రెండుగా మారింది. ఆ సవరణను ప్రభుత్వమే తెచ్చింది. సభలో తిరుగులేని బలం ఉన్న ప్రభుత్వం పది రోజుల్లో తన బిల్లులోని ఒక అంకెను మార్చుకున్నదంటే, చెప్పవలసిన మాటను వేళకు చెబితే వినేవారు ఉన్నారనే నేను అర్థం చేసుకున్నాను. ఆ పది రోజుల్లో మా హిందూపురం, మడకశిర ప్రాంతం నుంచి, అడవి పందుల బారి నుంచి పంటను కాపాడుకోవడానికి తుపాకి పెట్టుకున్న రైతుల నుంచి ఢిల్లీకి చేరిన మాట ఏదీ నాకు కనబడలేదు. ఆ లోటు గురించే ఈ వ్యాసం.

బెంగళూరులో యలహంక, హెబ్బాళ, జక్కూరు చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లలో హిందూపురం, మడకశిర, పెనుకొండ వైపు పొలాలు ఉన్నవారు చాలామంది. వారమంతా ఇక్కడ ఉద్యోగం, సెలవు దొరికితే అక్కడ సేద్యం. మా ఇళ్లలో నాయనల పేరిట, పెద్దనాయనల పేరిట పంట రక్షణ కోసం ఇచ్చిన తుపాకి లైసెన్సులు ఉన్నాయి. బోరు కింద వేసిన వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడే వేళకు అడవి పందుల గుంపు ఒక్క రాత్రి పడిందంటే, మూతులతో చాళ్ల వెంబడి పెళ్లగించుకుంటూ పోతాయి. తిన్నదాని కన్నా తొక్కి పాడుచేసిందే ఎక్కువ. తెల్లవారి వెళ్లి చూస్తే చెట్లు వేళ్లతో సహా తిరగబడి, సగం కొరికిన కాయలు మట్టిలో కలిసి, గట్టు మీద గిట్టల గుర్తులు మాత్రం స్పష్టంగా ఉంటాయి. పెట్టుబడి పెట్టిన మనిషి ఆ మడి మధ్య నిలబడి ఏమీ మాట్లాడలేడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పందిని కాల్చడానికి తుపాకి లైసెన్సు ఒక్కటే చాలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అధికారుల అనుమతి ఉండాలి. అడవి పంది వంటి, ఆ చట్టం రెండో షెడ్యూలులోని జంతువు పొలంలో ఉన్న పంటకు ప్రమాదకరంగా మారినప్పుడు అటువంటి అనుమతి ఇవ్వడానికి ఆ చట్టం 11వ సెక్షన్ వీలు కల్పించింది. కేరళ ప్రభుత్వం 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తీసుకువచ్చింది. మా ఊళ్లలో తుపాకి పని చాలావరకు గాలిలోకి ఒక చప్పుడు చేసి గుంపును మళ్లించడమే. ఆ చప్పుడుకు కూడా తుపాకి ఇంట్లో ఉండాలి కదా.

1959 నాటి ఆయుధాల చట్టం చదివినవారికి తెలుస్తుంది, అది అన్ని తుపాకులనూ ఒకే గాటన కట్టలేదు. 13వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం, నిజంగా పంట కాపాడుకోవడానికి మందు దట్టించి పేల్చే నాటు తుపాకి అడిగిన పౌరుడికి, ఆత్మరక్షణకో క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నని గొట్టపు తుపాకి (లోపల గాడులు లేనిది) అడిగిన పౌరుడికి, లైసెన్సు నిరాకరించడానికి 14వ సెక్షన్ చెప్పిన కారణాలు ఏవీ అడ్డురాకపోతే అధికారి లైసెన్సు మంజూరు చేయాలి. మిగిలిన ఆయుధాల విషయంలో మాత్రం, అడిగినవారికి తగిన కారణం ఉన్నదని అధికారి తృప్తి చెందాలి. నాటు తుపాకి చాలదనిపిస్తే పంట రక్షణకు మరో రకం నున్నని గొట్టపు తుపాకి ఇవ్వడానికి కూడా అందులోనే వీలుంది. పార్లమెంటు రైతు కోసం ఆలోచించి వేరుగా రాసిన వాక్యం ఇది. కార్యాలయాల్లో మాత్రం పంట తుపాకి దరఖాస్తునూ, నగరంలో పిస్తోలు కోసం వచ్చే దరఖాస్తునూ ఒకే అనుమానంతో చూస్తున్నారు. అనుమానించడం వారి ఉద్యోగ ధర్మమే కావచ్చు. చట్టం చేసిన తేడాను చెరిపివేయడం మాత్రం సరికాదు.

ఎన్నికలు వచ్చినప్పుడు ఇబ్బంది మరో రూపంలో వస్తుంది. జిల్లా స్థాయిలో ఒక కమిటీ కూర్చొని ఎవరి తుపాకి డిపాజిట్ చేయించుకోవాలో పరిశీలించాలన్నది ఎన్నికల సంఘం ఆదేశం; బెయిలు మీద ఉన్నవారు, నేర చరిత్ర ఉన్నవారు, అల్లర్లలో పాల్గొన్నవారు ఆ పరిశీలనలో ముందు వస్తారు. అందరినీ ఒకే ఆదేశంతో తుపాకులు అప్పగించమనడం తగదని బొంబాయి, అలహాబాదు హైకోర్టులు చెప్పాయి. అయినా 2024లో మార్చి 16న ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత ఊళ్లో అందరితో పాటు మా నాయన కూడా ఠాణాకు పిలుపు అందుకున్నారు. ఓట్ల లెక్కింపు జూన్ 4న. యాసంగి వేరుశనగ పీకే కాలమంతా తుపాకి ఠాణాలోనే ఉంది. తిరిగి ఇచ్చినప్పుడు గోనెపట్టాలో చుట్టి, మెడకు దారంతో చీటీ కట్టి ఇచ్చారు. గొట్టం మీద, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప చట్రం మీద ఎర్రటి తుప్పు పట్టింది. నాయన ఎవరినీ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి కొబ్బరినూనె గుడ్డతో గంటల తరబడి తుడుస్తూ కూర్చున్నారు.

ఇటువంటి బాధలతో మనవాళ్లు మొదట వెళ్లేది ఎమ్మెల్యే ఇంటికి. ఎమ్మెల్యే అర్జీ తీసుకుంటారు, కలెక్టరుకు ఫోను చేస్తారు, ఒక్కోసారి పని కూడా జరుగుతుంది. చట్టం మారాలంటే మాత్రం అది ఆయన చేతిలో లేదు. ఆయుధాలు కేంద్ర జాబితాలో ఐదో అంశం. వాటి మీద చట్టం చేసేది పార్లమెంటు, నియమాలు రాసేది కేంద్ర హోంశాఖ. కాబట్టి మాట చేరవలసింది ఎంపీకి. ఎంపీ పరిస్థితి కూడా మనం తెలుసుకొని వెళ్లాలి. 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) కారణంగా, ఇలాగే ఓటు వేయాలని పార్టీ విప్ జారీ చేసిన తరువాత ఆయన తన ఇష్టానుసారం ఓటు వేస్తే సభ్యత్వమే పోవచ్చు. బిల్లు సభకు వచ్చి విప్ జారీ అయ్యాక ఆయన మనసు మార్చి ప్రయోజనం లేదు. పార్టీ ఒక నిర్ణయానికి రాకముందు, ఆయన ఎటూ తేల్చుకోని స్థితిలో ఉన్నప్పుడు కలిస్తే, 377వ నిబంధన కింద ఆ విషయాన్ని లోక్‌సభలో ప్రస్తావించగలరు, ప్రశ్న అడగగలరు, హోంశాఖకు ఉత్తరం రాయగలరు, పార్టీ సమావేశంలో ఒక మాట అనగలరు. 2019 బిల్లు, బిల్లులను వివరంగా పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘానికి కూడా వెళ్లలేదు. వెళ్లి ఉంటే అక్కడైనా చెప్పుకునే వీలుండేది.

ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యులు ఒకరిని మేము కొందరం ఊరి పెద్దలను వెంటబెట్టుకొని కలిశాం. వరండా నిండా జనం. పింఛన్లు, బదిలీలు, ఆసుపత్రి ఉత్తరాల మధ్య మా వంతు వచ్చింది. తుపాకి అనేసరికి ఆయన ముఖం మారింది.

"ఏం పెద్దాయనా, మన జిల్లాలో కక్షలు సద్దుమణిగింది ఈ మధ్యనే. మళ్లీ తుపాకులంటే నేనేమని మాట్లాడేది?" అన్నారు.

రాయలసీమలో ఏ ప్రజాప్రతినిధి మనసులోనైనా ఉండే భయం అదే. ఆ భయం న్యాయమైనది. ఫ్యాక్షన్ కాలంలో ఎన్ని ఇళ్లు దిక్కులేనివయ్యాయో ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. పలుకుబడితో లైసెన్సులు సంపాదించినవారు లేరని మేము అనలేదు, అంటే అబద్ధమయ్యేది. మాతో వచ్చిన పెద్దాయన సంచిలోంచి లైసెన్సు పుస్తకం తీసి ఆయన ముందు పెట్టి, "సామీ, కక్షలకు వాడింది నాటు బాంబులు, వేటకొడవళ్లు. వాటికి లైసెన్సు లేదు, నంబరు లేదు. నా తుపాకి నంబరు ఠాణాలో ఉంది, నా వేలిముద్ర ఉంది, ఎన్ని తూటాలు కొన్నానో ఈ పుస్తకంలో ఉంది. తప్పు చేస్తే మొదట దొరికేది నేనే" అన్నారు. ఎంపీగారు ఆ పుస్తకంలోని రెన్యువల్ ముద్రలను ఒక్కొక్కటే తిప్పి చూశారు. మాట ఇవ్వలేదు. ఏ సెక్షన్ గురించి అడుగుతున్నారో ఒక పేజీలో రాసి పంపమని తన పి.ఎ.కు చెప్పారు. మా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

ఈ విషయంలో అమెరికా ప్రస్తావన తప్పకుండా వస్తుంది. అక్కడి తుపాకి హక్కుల ఉద్యమం పని తీరును నేను శ్రద్ధగా గమనించాను. 2013 ఏప్రిల్ 17న సెనేట్‌లో, తుపాకి కొనేవారి పూర్వాపరాల తనిఖీని విస్తరించే మాంచిన్-టూమీ సవరణకు 54 ఓట్లు వచ్చాయి, కావలసినవి 60. అలాస్కా, ఆర్కన్సా, మోంటానా, నార్త్ డకోటా వంటి గ్రామీణ రాష్ట్రాల నుంచి వచ్చిన నలుగురు డెమొక్రాట్లు తమ పార్టీ ప్రభుత్వం కోరినదానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. వర్జీనియా రాష్ట్రంలో కొత్త తుపాకి నియంత్రణ బిల్లులకు వ్యతిరేకంగా 2020 జనవరి 20న రిచ్‌మండ్ నగరంలో దాదాపు 22,000 మంది గుమిగూడారని లోకమంతా రాసింది. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించింది దానికి ముందు నెలల్లో జరిగిన పని. కౌంటీల (మన జిల్లాల వంటివి) పాలక మండలి సమావేశాలకు జనం సాయంత్రాలు వెళ్లి, వరుసలో నిలబడి, తలా రెండు మూడు నిమిషాలు మాట్లాడారు. వందకు పైగా స్థానిక సంస్థలు ఆ బిల్లులను వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి. ఆ రాష్ట్ర ప్రతినిధుల సభ ఆమోదించిన, సైనిక తరహా తుపాకుల (అసాల్ట్ వెపన్స్) నిషేధ బిల్లును ఫిబ్రవరి 17న రాష్ట్ర సెనేట్ కమిటీ 10-5 ఓట్లతో వాయిదా వేసింది. వాయిదాకు ఓటు వేసినవారిలో నలుగురు డెమొక్రాట్లు. అదే సమావేశాల్లో తనిఖీలకు సంబంధించిన ఇతర బిల్లులు మాత్రం చట్టాలయ్యాయి. జనం గుమిగూడినంత మాత్రాన అన్నీ ఆగలేదు. ఒక బిల్లు విషయంలో, సందేహంలో ఉన్న కొద్దిమంది సభ్యుల దగ్గర మాత్రం ఫలితం కనిపించింది.

ఆ పద్ధతి నేర్చుకోదగినది. వారి వాదన మాత్రం మనకు పనికిరాదు. ఆ దేశంలో 2022లో తుపాకుల వల్ల 48,000 మందికి పైగా మరణించారు, అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. ఏ ఎంపీ అయినా ఆ మాట ఎత్తితే మన దగ్గర జవాబు ఉండదు, ఉండనక్కరలేదు కూడా, ఎందుకంటే మనం ఆ వ్యవస్థను అడగడం లేదు. మన రాజ్యాంగం ఆయుధ హక్కును ఇవ్వలేదు. నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ప్రతి పౌరునికీ ఉండాలని 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానించిన మాట నిజం. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దానిని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని కోరిన మాట కూడా నిజం. అంబేద్కర్ అంగీకరించలేదు, సభ ఆమోదించలేదు. లైసెన్సు లేని తుపాకుల విషయంలో 2023లో సుప్రీంకోర్టు కూడా, అమెరికాలో లాగా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసింది. అందుచేత ఎంపీ ముందు కూర్చొని హక్కు, స్వేచ్ఛ అని పెద్ద మాటలు మాట్లాడేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది; వారి వెనుక నిలబడ్డ రైతు మాట అక్కడితో ఆగిపోతుంది. కర్ణాటకలోని కొడగు ప్రాంతపు కొడవ జాతివారి విషయం చూడండి. అక్కడ వారికి ఉన్న లైసెన్సు మినహాయింపును కేంద్రం 2019 అక్టోబరులో పదేళ్లు పొడిగించింది, 2021 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. వారికి చరిత్ర, ఆచారం, పాత ఉత్తర్వులు ఆధారం. మనకు అటువంటి ఆధారం లేదు; 13వ సెక్షన్‌లోని ఆ వాక్యమూ, పొలంలో పాడైన పంటా ఉన్నాయి.

మాకు మరో చిక్కు కూడా ఉంది, బెంగళూరులో ఉంటున్నవారికి ఇది అర్థమవుతుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి ఇరవై ఐదేళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, వారసుల్లో ఒకరు తమ పేరిట లైసెన్సు కోరవచ్చు. మా నాయన డెబ్బై దాటారు. పొలం ఆంధ్రలో ఉంది, నా చిరునామా కర్ణాటకలో ఉంది. ఇక్కడ లైసెన్సు అధికారి పోలీసు కమిషనర్, అక్కడ కలెక్టరు. విచారణ ఎవరు చేయాలన్న దగ్గరే కాగితం తిరుగుతూ ఉంది. పొలం ఉన్న జిల్లాలోనే వారసుడి దరఖాస్తు తీసుకోవాలని హోంశాఖ ఒక స్పష్టమైన సూచన ఇస్తే చాలు, చట్టం మార్చనక్కరలేదు. ఆయుధ భద్రత శిక్షణ తప్పనిసరి అన్నారు, మంచిదే, తీసుకుంటాం. పెళ్లిళ్లలో సరదాకు గాలిలోకి కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని 2019 చట్టం చెప్పింది. ఆ నిబంధనను మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం, ఆ మాట అర్జీలోనే రాశాం.

ఎంపీగారు అడిగిన ఆ ఒక్క పేజీ ఇప్పుడు సిద్ధమైంది. అందులో రెండు కోరికలే ఉన్నాయి: ఎన్నికల వేళ పంట తుపాకుల డిపాజిట్ విషయాన్ని కమిటీ ఒక్కొక్క లైసెన్సు చూసి నిర్ణయించాలి, వారసుడి దరఖాస్తును పొలం ఉన్న చోటే స్వీకరించాలి. మడకశిర, పెనుకొండ, కదిరి వైపు పంట లైసెన్సు ఉన్న కుటుంబాలవారు తమ పొలం సర్వే నంబరు, పంట నష్టానికి రాయించిన పంచనామా నకలు, 2024లో తుపాకి అప్పగించినప్పుడు ఠాణాలో ఇచ్చిన రసీదు నకలు జతచేస్తే ఆ పేజీకి బలం చేకూరుతుంది. పార్లమెంటు సమావేశాలు మొదలైతే సభ్యులు ఢిల్లీలోనే ఉంటారు కాబట్టి, శీతాకాల సమావేశాలకు ముందే, ఆయన ఊళ్లో ఉండే శని, ఆదివారాల్లో కలవాలని అనుకుంటున్నాం. వీలైనంత వరకు పెద్దవాళ్లను తీసుకురండి, లైసెన్సు వారి పేరిటే ఉంది, ఆయన అడిగేదీ వారినే.