క్యాంటీన్ టీవీకి నోరుండదు

కంపెనీల నుంచి నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా మొదలవుతాయి. "మా ఎండీ గారి మెసేజ్ ఒకటి షూట్ చెయ్యాలండీ, స్టాఫ్ అందరికీ వెళ్లాలి. డ్రోన్ షాట్ కూడా ఉంటే బాగుంటుంది." డ్రోన్ ఎందుకో అడిగేవాళ్లకీ తెలియదు. పక్క కంపెనీ వీడియోలో చూసుంటారు. మన విశాఖలో నేవీ, పోర్టు, ఎయిర్‌పోర్టు అన్నీ ఒకదాని పక్కన ఒకటి. పర్మిషన్ లేకుండా డ్రోన్ లేపితే ముందు దిగేది డ్రోన్ కాదు, నేనే, పోలీస్ జీపు లోంచి స్టేషన్‌లోకి. అందుకని ఆ మాట పక్కన పెట్టించి రెండు ప్రశ్నలు అడుగుతాను. ఎవరు చూడాలండీ? "అందరూ." ఎక్కడ చూస్తారు? దీనికి మాత్రం జవాబు రాదు. లైన్ కట్ అయిందేమోనని నేను హలో హలో అంటాను.

నాది గాజువాక. పెళ్లి వీడియోలతో మొదలై ఇప్పుడు ఎక్కువగా కంపెనీల లోపలి వీడియోలు చేస్తున్నాను. అంటే బయట ప్రకటనలు కావు, వాళ్ల మనుషులకు వాళ్లే చెప్పుకునే విషయాలు. సేఫ్టీ, కొత్త మెషీన్ ఎలా నడపాలి, కొత్తగా చేరినవాళ్లకు గేటు నుంచి క్యాంటీన్ దాకా దారి, పెద్దాయన సంక్రాంతి శుభాకాంక్షలు. పెళ్లి క్యాసెట్ ఎవరి ఇంట్లో ఏ టీవీ ముందు వేస్తారో, ఎవరు తమ మొహం కోసం వెతుక్కుంటారో ముందే తెలిసేది. కంపెనీ వీడియోకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. మనమే కనుక్కోవాలి.

పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీ సంగతి తీసుకోండి. పేరు అక్కర్లేదు, అటువైపు చాలావాటిది ఇదే కథ. పెద్దాయన సందేశం హైదరాబాద్‌లో తీశారు. మంచి లైటింగ్, వెనక మొక్క, టెలిప్రాంప్టర్. లింక్ కంపెనీ ఈమెయిల్‌లో అందరికీ పంపారు. ఈ అందరిలో కాంట్రాక్ట్ వర్కర్లు లేరు, ఎందుకంటే వాళ్లకు కంపెనీ ఈమెయిల్ లేదు. పర్మనెంట్ ఆపరేటర్లకు ఐడీ ఉన్నా తెరిచి చూసేవాడు తక్కువ. సరే, వాట్సాప్‌లో పంపుదామన్నారు. కానీ సాల్వెంట్లు, అంటే ఇట్టే మంటంటుకునే ద్రావకాలు, వాడే బ్లాకుల్లోకి మామూలు ఫోన్ తీసుకెళ్లనివ్వరు. నిప్పురవ్వ పుట్టే వీలున్న ఏ వస్తువూ అక్కడ ఉండకూడదు. ఫోన్లన్నీ గేటు దగ్గర లాకర్లలో ఉంటాయి. పొద్దుటి షిఫ్ట్ వాడు ఆరింటికి లోపలికెళ్తే మళ్లీ ఫోన్ ముట్టుకునేది మధ్యాహ్నం రెండు దాటాకే. అప్పటికి బస్సు ఎక్కి కిటికీకి తల ఆనించి నిద్రపోతాడు. వాడిని లేపి పెద్దాయన దార్శనికత చూపించడం నాకైతే పాపం అనిపిస్తుంది.

ఇక మిగిలింది క్యాంటీన్ టీవీ.

క్యాంటీన్ టీవీ గురించి నేను చెప్పగలిగినంత ఎవరూ చెప్పలేరు. అది ఎప్పుడూ గోడకి బాగా ఎత్తులో ఉంటుంది. రిమోట్ క్యాంటీన్ కాంట్రాక్టర్ జేబులో ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు, స్టీలు కంచాల మోత, సాంబార్ కోసం అరుపులు, వీటి మధ్య టీవీలో మాట ఎవరికీ వినపడదు. సౌండ్ పెంచితే ఎవరో ఒకరు లేచి తగ్గిస్తారు. అందుకే క్యాంటీన్ కోసం తీసే వీడియోని నోరులేని వీడియోగానే తీస్తాను. చేతులు కనపడాలి, వస్తువు కనపడాలి, కింద పెద్ద అక్షరాలతో ఒక్క లైన్ ఉండాలి. మాట్లాడే మొహం పది సెకన్లకు మించి ఉండకూడదు. వరుసలో కంచం పట్టుకుని నిలబడ్డవాడు ఎక్కడ తల ఎత్తితే అక్కడి నుంచి అర్థం కావాలి, కాబట్టి కథలా మొదలు, మధ్య, చివర ఉంటే పనికిరాదు. నిమిషంన్నర ముక్క, తిరిగి తిరిగి వస్తుంటుంది.

అక్షరాల సైజుకి ఒక చిట్కా ఉంది. ఎడిటింగ్ చేసేవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు బాగానే ఉన్నాయనుకుంటారు. వీడియోని ఫోన్‌లో వేసి, ఫోన్ నిలువుగానే ఉంచి, చెయ్యి పూర్తిగా చాచి చూడండి. అప్పుడు ఆ బొమ్మ కంటికి కనపడే సైజూ, 43 అంగుళాల టీవీ ఎనిమిది మీటర్ల దూరం నుంచి కనపడే సైజూ దాదాపు ఒకటే. చదవలేకపోతే క్యాంటీన్ చివరి బల్ల దగ్గరున్నవాడూ చదవలేడు. ఈ పరీక్ష ఒకసారి ఒక హెచ్‌ఆర్ మేడం గారి చేత చేయించాను. "ఏటండీ ఇది, చీమల బారులాగుంది" అన్నారావిడ. తర్వాత స్లయిడ్‌లో ఆరు లైన్లు రాయడం మానేశారు.

నేను తీసినవాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక ఫిట్టర్‌తో తీసింది. పైపుల జాయింట్ దగ్గర ఫ్లాంజ్ (పైపు చివర ఉండే గుండ్రటి అంచు) బోల్టులు ఎలా బిగించాలో చూపించాలి. వరుసగా గుండ్రంగా బిగించుకుంటూ పోతే లీకు కాకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ ఒకవైపు నలిగి, రెండోవైపు వదులుగా ఉండి లీకు మొదలవుతుంది. ఒక బోల్టు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న బోల్టు, ఆ తర్వాత పక్కకి తిరిగి ఇంకో ఎదురెదురు జంట, ఇలా కొంచెం కొంచెంగా రెండు మూడు విడతల్లో బిగించాలి. దీనికి సేఫ్టీ డిపార్ట్‌మెంట్ వాళ్ల దగ్గర బోలెడు పేజీల పుస్తకం ఉంది. మా ఫిట్టర్ ఏం చేశాడంటే, జేబులోంచి సుద్దముక్క తీసి ఫ్లాంజ్ మీద అంకెలు రాశాడు. ఒకటి ఇక్కడ, రెండు అక్కడ. ఆపైన ఒక్క మాట కూడా లేకుండా బిగించుకుంటూ పోయాడు. నేను కెమెరాని అతని భుజం మీదుగా పెట్టాను. చివర్లో అతను తలెత్తి "అంతే" అన్నాడు. ఆ ఒక్క మాట ఉంచేశాను.

అది క్యాంటీన్‌లో వేసినరోజు జనం తినడం ఆపి చూశారు. బోల్టుల మీద అంత ఆసక్తి ఎవరికీ లేదు, "ఒరే, మనోడేరా" అని చూశారు. తర్వాత రెండ్రోజులు అతన్ని హీరో అని పిలిచారట. కానీ చూశారు కదా! పెద్దాయన మొహాన్ని చూసి ఎవరూ కంచం పక్కన పెట్టలేదు.

వేయాల్సిన ఇంకో చోటు షిఫ్ట్ మొదట్లో జరిగే టూల్‌బాక్స్ టాక్. ఐదు పది నిమిషాలు సూపర్‌వైజర్ చుట్టూ అందరూ నిలబడి ఆ రోజు పని, ఆ పనిలో ప్రమాదం మాట్లాడుకుంటారు. అక్కడ రెండు నిమిషాల వీడియో చూపించి ఆపేయాలి. ఆపాక సూపర్‌వైజర్ "మన దగ్గర ఇలాంటి చోటు ఎక్కడుంది?" అని అడగాలి. వీడియోయే అంతా చెప్పేస్తే సూపర్‌వైజర్ నోరు మూసుకుని నిలబడతాడు, అది వాడికీ ఇబ్బందే. నేను చివర్లో కావాలనే జవాబు లేకుండా వదిలేస్తాను. "ఇదేంటి, కన్‌క్లూజన్ లేదు" అని ఒక మేనేజర్ గారు కోప్పడ్డారు. కన్‌క్లూజన్ మీ సూపర్‌వైజర్ నోట్లో ఉందండీ అన్నాను. బిల్లు పాసయ్యాక అన్నాను లెండి.

భాషల గోల ఇంకోటి. ఒకే షెడ్డులో శ్రీకాకుళం వాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, బీహార్ వాళ్లు ఉంటారు. అందరికీ ఇంగ్లీషులో తీసి కింద తెలుగు అక్షరాలు వేస్తే అయిపోయిందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 1975లో ఇస్రో, నాసా కలిసి సైట్ (SITE) అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం చేశాయి. ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఏడాది పాటు టీవీ కార్యక్రమాలు పంపారు. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు ఆడియోలు మోసుకొచ్చేది. తెలుగు పల్లెల్లో తెలుగు, కన్నడ పల్లెల్లో కన్నడం, బొమ్మ మాత్రం ఒకటే. యాభై ఏళ్ల కిందట ఆకాశంలోంచి చేసిన పనిని ఇవాళ ఒక కంప్యూటర్‌లో చేయడానికి బడ్జెట్ లేదంటారు! నేను ముందే బొమ్మని మాటతో ముడిపెట్టకుండా తీసుకుంటాను. పెదాలు కనపడని షాట్లే ఎక్కువ. తర్వాత ఒడియా గొంతుకి ఒడియా వర్కర్నే, హిందీకి హిందీ వర్కర్నే కూర్చోబెట్టి చెప్పిస్తాను. కాగితం చదవొద్దు, తమ్ముడికి చెప్పినట్టు చెప్పమంటాను. రికార్డింగ్ నా కారులో. అద్దాలు ఎత్తేసి, ఏసీ ఆపేస్తే ప్లాంట్‌లో అంత నిశ్శబ్దమైన గది ఇంకోటి ఉండదు. మే నెలలో మాత్రం ఇద్దరం చెమటతో బయటికొస్తాం.

మే నెల అంటే ఇంకో మాట. కంట్రోల్ రూమ్ ఏసీలోంచి కెమెరా బయటికి తెస్తే మన సముద్రపు తేమకి లెన్స్ మొత్తం ఆవిరి పట్టేస్తుంది. పావుగంట ముందే కెమెరాని బయట సంచిలో పెట్టి ఉంచాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ల కోసం చెబుతున్నాను, కంపెనీలకు దీంతో పని లేదు.

రుషికొండ మీద ఐటీ ఆఫీసుల్లో లెక్క వేరు. అక్కడ అందరికీ ఈమెయిలూ, హెడ్‌ఫోనూ ఉన్నాయి. రికార్డయిన టౌన్‌హాల్‌ని, అంటే పెద్దలు స్టాఫ్ అందరితో పెట్టే మీటింగ్‌ని, రెట్టింపు వేగంతో పరిగెత్తించి, ఇంక్రిమెంట్ మాట ఎక్కడొచ్చిందో అక్కడ మాత్రం ఆపి చూస్తారు. వాళ్ల బాధ లైవ్‌తో. ఒకే బిల్డింగ్‌లో ఐదు వందల మంది ఒకేసారి లైవ్ తెరిచి ఒక్కొక్కరు సెకనుకి ఒకటిన్నర మెగాబిట్లు లాగారనుకోండి, 750 మెగాబిట్లు ఆ ఒక్క వీడియోకే పోతాయి. బొమ్మ ఆగి ఆగి వస్తుంది, పక్క గదిలో క్లయింట్ కాల్ కూడా తెగిపోతుంది. పెద్ద కంపెనీలు దీనికోసం లోపలే ఒక ఏర్పాటు పెట్టుకుంటాయి. వీడియో బయటి నుంచి ఒకసారి వస్తుంది, లోపల ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్ పంచుకుంటాయి. అది లేని ఆఫీసుకి నేనిచ్చే సలహా చాలా చవక: అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి ఒక్క ప్రొజెక్టర్ మీద వేయండి.

లైవ్‌లో ప్రశ్నలు అడిగించడం కూడా ఆలోచించుకుని పెట్టాలి. పెద్ద లైవ్‌లు ఎక్కువగా వీడియోని ఐదారు సెకన్ల ముక్కలుగా కోసి పంపుతాయి. ప్లేయర్ కొన్ని ముక్కలు పోగేసుకుని గానీ చూపించడం మొదలుపెట్టదు. అంటే స్టేజి మీద ఆయన అన్న మాట మనకి ఇరవై ముప్పై సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మనం టైప్ చేసేసరికి ఆయన ఇంకో విషయంలో ఉంటారు. "ఏమీ ప్రశ్నలు లేవా? గుడ్" అని ముగించేస్తారు. ప్రశ్నలు లేక కాదండీ, దారిలో ఉన్నాయి.

ఇదంతా కొత్త సరదా కూడా కాదు. అమెరికాలో వాల్‌మార్ట్ 1987 నాటికే సొంత ఉపగ్రహ నెట్‌వర్క్ పూర్తి చేసుకుంది. శామ్ వాల్టన్ హెడ్డాఫీసులో కెమెరా ముందు మాట్లాడితే దుకాణాల్లో కనపడేవాడు. బొమ్మ మాత్రం ఒకవైపే వెళ్లేది, దుకాణం వాళ్లు ఆయనకి కనపడేవాళ్లు కాదు. చాలా కంపెనీల్లో ఇప్పటికీ అంతే, ఉపగ్రహం ఒక్కటే పోయింది.

కొన్ని విషయాలకి వీడియో అడిగితే నేను వద్దని చెబుతాను. జీతం కోత, షిఫ్ట్ మార్పు, ఉద్యోగం పోవడం లాంటివి. 2021 డిసెంబర్‌లో బెటర్ డాట్ కామ్ అనే అమెరికా ఇంటి లోన్ల కంపెనీ అధిపతి విశాల్ గర్గ్ జూమ్ కాల్‌లో దాదాపు 900 మందిని తీసేశారు. ఆ రికార్డింగ్ బయటికొచ్చి ప్రపంచమంతా చూసింది. మనిషి ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటకి కెమెరా చాటు దొరకనివ్వకూడదు. అత్యవసరాలకి కూడా వీడియో పనికిరాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటూ లేదు, సిగ్నలూ లేదు, రోజుల తరబడి. అలాంటప్పుడు సైరన్, మైకు, సైకిల్ మీద వచ్చే మనిషి, ఇవే దిక్కు.

ఫైలు పంపడంలో ఒక చిన్న సంగతి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది ఫైలుని నొక్కేసి అక్షరాలు అలికేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. సెకనుకి రెండు మెగాబిట్ల చొప్పున మూడు నిమిషాల వీడియో 45 ఎంబీ దాకా ఉంటుంది, ఈ రోజుల్లో ఎవరికీ భారం కాదు.

వీడియో తయారైపోయాక దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు అన్నిటికంటే టెన్షన్. ఫోన్ అనుమతి ఉన్న షెడ్లలో మెషీన్ మీద క్యూఆర్ స్టిక్కర్ అంటిస్తారు, స్కాన్ చేస్తే నడిపే పద్ధతి వీడియో వస్తుంది. మంచి పద్ధతే. కొన్నాళ్లకి పాత పంపు తీసి కొత్తది పెడతారు, వాల్వ్ ఇంకో చోటికి మారుతుంది, స్టిక్కర్ మాత్రం అక్కడే ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు పాత వీడియో చూసి లేని వాల్వ్ కోసం వెతుకుతాడు, లేదా ఉన్నదాన్ని తప్పువైపు తిప్పుతాడు. కాగితం మీద అయితే తేదీ, సంతకం అడుగుతారు, వీడియోకి ఎవరూ అడగరు. అందుకే మొదటి ఫ్రేములోనే తీసిన తేదీ, మెషీన్ నంబరు, ఏ డిపార్ట్‌మెంట్ బాధ్యతో వేస్తాను. అలాగే ప్రతి కొటేషన్‌లో చివర ఒక లైన్ రాస్తాను: ఏడాదికోసారి వచ్చి అన్ని వీడియోలూ మెషీన్ల పక్కన పెట్టి చూసి, పాతబడినవి తీసేయించడం, ఇంత. చాలామంది పర్చేజ్ వాళ్లు ఆ ఒక్క లైనూ కొట్టేసి మిగతాది ఓకే చేసి పంపుతారు.