పోగులు లెక్కపెట్టే అద్దం: గాజు కన్నా సీటు ముఖ్యం

బరంపురం పట్టుచీర అంచులో అంగుళానికి ఎన్ని పడుగు పోగులున్నాయో లెక్కపెట్టాలంటే పది రెట్ల అద్దం కావాలి. బజారు అద్దాల్లో ఒంటి గాజువి మధ్యలో బాగానే చూపిస్తాయి. పక్కకి పోయేకొద్దీ ప్రతి పోగుకీ ఎరుపు, నీలం చారలు అంటుకుంటాయి. కుంభం అంచు మీద రెండు రంగులు కలిసే చోట ఇక లెక్క కుదరదు.

దీనికి 1860లో వియన్నాలో గియోర్గ్ ప్లోసెల్ చూపిన దారి ఇప్పటికీ పనికొస్తుంది. రెండు అక్రోమాట్ డబ్లెట్లు (రంగు చారలు తగ్గేట్టు రెండు రకాల గాజులు అతికించిన లెన్సులు) తీసుకుని, ఎక్కువ ఉబ్బుగా ఉన్న ముఖాలు ఎదురెదురుగా వచ్చేట్టు పెట్టాలి. ఒక్కొక్కటీ 12.7 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి దూరపు వెలుగు కలిసే చుక్క దాకా దూరం) అయితే రెండూ కలిసి దాదాపు 26 మి.మీ. అవుతుంది. కంటికి తేటగా కనిపించే దగ్గరి దూరం 250 మి.మీ.ని 26తో భాగిస్తే పది రెట్లకి కొంచెం తక్కువ. పోగుల లెక్కకి అది చాలు. ఈ డబ్లెట్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి కాబట్టి గాజు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. పనంతా లెన్సులు కూర్చునే గొట్టం, అంటే బారెల్‌లోనే ఉంది.

డబ్లెట్ వ్యాసానికి కంపెనీలు మామూలుగా ఇచ్చే టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ప్లస్ సున్నా, మైనస్ 0.1 మి.మీ. అంటే 12.7 అని రాసి ఉన్నది 12.62 కూడా కావచ్చు. డ్రాయింగ్ చూసి బోరు (బారెల్ లోపలి రంధ్రం) 12.73 చేశారనుకోండి, లెన్సు 0.055 మి.మీ. పక్కకి జరిగి కూర్చోవచ్చు. 50 ఫోకల్ లెంగ్త్‌కి అది దాదాపు 4 ఆర్క్ మినిట్ల వంకర (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ మినిట్). చూసేవాడికి ఇది బొమ్మ జరిగినట్టు కనిపించదు. ఒక పక్క అంచుకే రంగు చార, మధ్యలోని చుక్కకి చిన్న తోక. చాలామంది దీన్ని చవక గాజు మీదికి నెట్టేస్తారు. తప్పు గాజుది కాదు, బోరుది. అందుకే లెన్సులు ముందు కొని, మైక్రోమీటర్ దవడల మధ్య పల్చటి కాగితం పెట్టి కొలిచి, కాగితం మందం తీసేసి, ఆ లెన్సుకే సరిపడా బోరు చేయించాలి. వదులు 0.02 మి.మీ. చాలు.

దానికన్నా తక్కువ ఎందుకు వద్దంటే, వేడిమి వల్ల. అల్యూమినియం డిగ్రీకి మిలియన్‌లో 23 వంతులు సాగుతుంది, మామూలు క్రౌన్ గాజు 7. వైశాఖం మధ్యాహ్నం బిగించిన బారెల్ చలికాలం తెల్లవారుజామున 25 డిగ్రీలు చల్లబడితే బోరు గాజు కన్నా 5 మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఎక్కువ ముడుచుకుంటుంది. 10 మైక్రాన్ల లోపు వదులు పెట్టడం అనవసరమైన సాహసం. నల్ల అనోడైజింగ్ (అల్యూమినియం మీద ఆక్సైడ్ పూత) చేయిస్తే బోరు ఇంకా చిన్నదవుతుంది. 20 మైక్రాన్ల పూతలో సగం దాకా లోపలి గోడ మీద పైకి లేస్తుంది. రెండు వైపులా కలిపి వ్యాసంలో 20 మైక్రాన్ల దాకా పోతుంది, అంటే మీరు వదిలిన వదులు మొత్తం. పూత లెక్క ముందే కలుపుకోవాలి.

రెండు లెన్సుల మధ్య ఖాళీ ఉంచే రింగు, అంటే స్పేసర్ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. రెండు ఉబ్బుల మధ్య 0.5 మి.మీ. ఖాళీ కావాలని 0.5 మి.మీ. రింగు చేయిస్తారు. దాంతో స్పేసర్ పని చేయకముందే గాజు గాజుని తాకుతుంది. స్పేసర్ ఆనేది ఉబ్బు కొన మీద కాదు, అంచు దగ్గర. వంపు వ్యాసార్ధం 27.4 మి.మీ. అయిన ముఖం మీద, మధ్య నుంచి 5.9 మి.మీ. దూరంలో ఆనితే అక్కడ ఉపరితలం కొన కన్నా 0.64 మి.మీ. కిందికి ఉంటుంది. రెండు వైపులా కలిపి 1.29, దానికి 0.5 చేరిస్తే 1.79 మి.మీ. స్పేసర్ కావాలి. ఆనే వ్యాసం మారితే ఈ లెక్కా మారుతుంది. స్పేసర్ రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి. ఒక పక్క 0.02 మి.మీ. మందం ఎక్కువైతే 12 మి.మీ. మీద దాదాపు 6 ఆర్క్ మినిట్ల వాలు వస్తుంది. 

లేత్ మీద పని చేసే టర్నర్‌తో ఒక్క మాట గట్టిగా చెప్పాలి: బోరు, అడుగు సీటు (లెన్సు ఆనే గట్టు), బిగింపు రింగు మర అన్నీ ఒకే బిగింపులో. చక్ (లేత్‌లో ముక్కని పట్టుకునే బిగింపు) నుంచి తీసి తిప్పి పెడితే మూడు దవడల చక్‌లో కేంద్రం తప్పుతుంది. సీటు అంచు మీద బర్ర్ (కోతలో మిగిలే గరుకు అంచు) ఉండకూడదు, అలాగని పెద్ద చాంఫర్ (ఏటవాలు కోత) కూడా వద్దు. 0.05 మి.మీ. గుండ్రం చాలు. బిగింపు రింగు మర కొంచెం వదులుగానే ఉండాలి. గట్టి మర రింగు తన వాలునే లెన్సు మీద రుద్దుతుంది, వదులు రింగు లెన్సు మీద తానే సర్దుకుంటుంది.

వంపు ఎక్కువున్న లెన్సులు రింగు బిగిస్తుంటే తమంతట తామే మధ్యకి జారతాయి. రెండు ముఖాలూ ఆనే చోట వాలులు కూడితే రాపిడి గుణకానికి రెట్టింపు దాటాలి. మన డబ్లెట్‌లో ముందు ముఖం వాలు 0.22, వెనక 0.06, మొత్తం 0.28. గాజుకీ లోహానికీ రాపిడి 0.15 అనుకుంటే కావలసింది 0.30. కాబట్టి దానంతట అది జారదు. రింగు వేలితో ఆనించి, బారెల్‌ని చెక్క పిడితో మెల్లగా తడుతూ బిగించాలి. కదలిక రాపిడిని తెంచుతుంది.

పరీక్షకి వి-బ్లాక్ (బారెల్‌ని ఆనించి తిప్పే వి ఆకారపు గాడి దిమ్మ), రెండు మూడు మీటర్ల దూరంలో సూది రంధ్రం వెనక ఎల్‌ఈడీ, బొమ్మ పడే చోట యూఎస్‌బీ మైక్రోస్కోప్ చాలు. మొదట ఒక్క లెన్సే ఉంచి, పొడుగు స్పేసర్‌తో తాత్కాలికంగా బిగించి బారెల్‌ని తిప్పండి. చుక్క 0.1 మి.మీ. వ్యాసమున్న సున్నా గీస్తే లెన్సు 0.05 మి.మీ. పక్కకి ఉన్నట్టు. తర్వాతే రెండోది. రెండూ ఒకేసారి పెట్టి తిప్పితే ఎదురెదురు దిక్కుల తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి, చుక్క కదలదు గానీ రంగు చార మాత్రం ఉండిపోతుంది.

బిగింపు ఎక్కువైందో లేదో పాత ఎల్‌సీడీ పోలరాయిడ్ షీట్లు రెండు ఒకదానికొకటి అడ్డంగా పెట్టి, మధ్యలో లెన్సు ఉంచి చూడండి. అంచున వెలుగు మచ్చలు కనిపిస్తే రింగు పావు తిప్పు వదలాలి. 3డీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్ బారెల్ కొలతలు సరిచూసుకోవడానికే పనికొస్తుంది, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది.

గోపాల్‌పూర్ గాలి తగిలే ఊళ్లలో వానాకాలం తేమకి లెన్సుల మధ్య బూజు పడుతుంది, పూతని తినేస్తుంది. వాన రోజున లోపల గాలి మూయకండి. ఏసీ గదిలో బిగించి, రింగు మీద న్యూట్రల్ క్యూర్ సిలికోన్ మూడు చుక్కలు వేయండి. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, దాని ఆమ్లం లోహాన్ని తింటుంది. వాడనప్పుడు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి. జెల్ గింజల రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు.